కింది నుంచి చూసిన బండి

మమతారాణిని ఎత్తినవాళ్లలో చెడ్డవాళ్లెవరూ లేరు. ఆమె అభ్యంతరం ఆ మనుషుల మీద కాదు, ఎత్తడం మీద. రెండేళ్ల వయసులో వచ్చిన పోలియో ఆమె కాళ్లను తీసుకుపోయిన నాటి నుంచి నాయనమ్మ ఎత్తింది, మేనమామలు ఎత్తారు, బడిలో అటెండరు ఎత్తాడు, పరీక్ష కేంద్రాల్లో ముక్కూమొహం తెలియని కానిస్టేబుళ్లు ఎత్తారు. ఇప్పుడామెకు ముప్పై అయిదేళ్లు. సిరిసిల్లలో బట్టలు కుట్టే కార్ఖానాలో కటింగ్ విభాగమంతా ఆమె మాట మీద నడుస్తుంది. అయినా ప్రతి ఉదయం ఆటో నడిపే పరశురాములు ఆమెను చక్రాల కుర్చీలోంచి ఎత్తి ఆటోలో కూర్చోబెట్టాలి, కార్ఖానా గేటు దగ్గర మళ్లీ ఎత్తి దించాలి. పరశురాములు మర్యాదస్థుడు. ఎత్తే ముందు తువ్వాలతో చేతులు తుడుచుకుంటాడు, ముఖం పక్కకు తిప్పుకుంటాడు, ఎత్తిన తర్వాత సూది వేసిన డాక్టరులా "అయిపాయె అక్కా" అంటాడు. ఆ కొద్ది క్షణాలూ ఆమె ఒక మూట. మూటను ఎంత మర్యాదగా మోసినా అది మూటే.

వికలాంగులకు హక్కులున్నాయని చెప్పే చట్టం ఈ దేశంలో ఉంది. మంచి చట్టమే. కాగితం మీద అది ఎక్కని మెట్టు లేదు. బస్సు మెట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది కూడా ఎవరైనా ఎత్తుతారేమోనని ఎదురు చూస్తూ నిలబడుతుంది. పక్క చక్రాల స్కూటరు కొనుక్కొమ్మని సలహా ఇవ్వనివాళ్లు ఊళ్లో లేరు. స్కూటరు ఆమెను చేరుస్తుంది, ఆమె కుర్చీని చేర్చదు. దిగేచోట కుర్చీ లేకపోతే మళ్లీ ఎవరో ఒకరు చేతులు చాచాల్సిందే. ఆమెకు కావలసింది కుర్చీతో సహా తానే ఎక్కి, తానే నడిపి, తానే దిగే బండి.

అలాంటి బండిని ఆమె నిర్మల్‌లో ఒక సభకు వెళ్లినప్పుడు చూసింది. నాగపూర్ దగ్గరి చిన్న కర్మాగారం ఒకటి దాని భాగాలను విడివిడిగా అమ్ముతుంది: ఎత్తయిన ఫైబరు పైకప్పు, వెనక నుంచి కుర్చీని ఎక్కించుకునే మడత పలక, వెనక్కి జరిగి కుర్చీ పక్కకు వచ్చే డ్రైవరు సీటు, బ్రేకునూ క్లచ్చునూ చేతి కిందికి తెచ్చే కడ్డీలు. ఇంజను, గేరుపెట్టె, చక్రాలు, వాటన్నిటినీ మోసే చాసీ మాత్రం కొనేవాళ్లే ఒక పాత వ్యాను రూపంలో తెచ్చుకోవాలి. కర్మాగారం మనిషి ఫోనులో ఆ పాత వ్యానును 'డోనర్' అన్నాడు, రక్తం ఇచ్చేవాడిని అన్నట్టు.

అలా మార్చిన బండికి రవాణా అధికారుల ఆమోదం కావాలి. పైకప్పు మారవచ్చు, సీటు మారవచ్చు, అనుమతి తీసుకుంటే ఇంజను కూడా మారవచ్చు. చాసీ మీద చెక్కిన నంబరు మాత్రం కాగితంలోని నంబరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. చట్టం లెక్కలో బండి అంటే ఆ నంబరు చెక్కిన ఇనుమే. తక్కినదంతా దాని మీద తొడిగిన బట్ట.

మమతారాణి తండ్రి కైలాసం లెక్క దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. కైలాసం సాంచెల మెకానిక్. ఊళ్లో ఎవరికి పాత సాంచె కావలసినా భివండికో షోలాపూర్‌కో ఆయన్ను వెంటబెట్టుకుని వెళ్లేవారు. ఆయన సాంచెను కంటితో చూడడు. స్క్రూడ్రైవరు మొనను నడుస్తున్న ఇనుముకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. "నోరు తెరిస్తె రోగం అదే చెప్తది" అంటాడు. కదిలే భాగాలే అరుగుతాయి, కదిలే భాగాలే చస్తాయి. చట్రం పోతపోసిన ఇనుము. తాతల నాటి సాంచెల చట్రాలు నేటికీ చెక్కుచెదరకుండా నిలబడి ఉన్నాయి. చట్రానికి చావుంటుందన్న ఊహ ఆయన వృత్తిలోనే లేదు.

సాంచె నచ్చితే ఆయన జేబులోంచి ఒక పడుగు పోగు తీసి దాని పిడికి ముడి వేస్తాడు. ఇంట్లో నడుస్తున్న సాంచె మీదిదే ఆ పోగు. ముడి పడ్డాక బేరం తప్పినట్టు ఆయన చరిత్రలో లేదు. అమ్మేవాళ్లు కూడా ఆ ముడిని చూసి ఇంకొకరికి చూపించడం మానేసేవారు.

కూతురికి డోనర్ కావాలనగానే కైలాసం స్క్రూడ్రైవరును తువ్వాలలో చుట్టుకున్నాడు. పరశురాములు ఆటోలోనే ముగ్గురూ కరీంనగర్ వెళ్లారు.

బైపాస్ రోడ్డు మీద పాత బండ్లు అమ్మే ఆ ఆవరణ విద్యాధర్‌ది. ఊళ్లో తాతల నాటి భూములున్న ఇంటివాడు, నవ్వు ముఖం, ఇస్త్రీ నలగని చొక్కా. ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు.

"అంకుల్, పాపకు ఏం బండి కావాలె?"

కుర్చీ తోసేవాడిని అడిగితే చాలు, కుర్చీలో ఉన్నవాళ్ల సంగతి తేలిపోతుందని లోకానికి ఒక నమ్మకం. మమతారాణి తల ఎత్తింది.

"పాపను అడుగుండ్రి సారూ, ఈడనే ఉన్నది. పాపకు మాటలు గుడ వచ్చినయి."

పరశురాములు కిసుక్కున నవ్వి దగ్గు నటించాడు. విద్యాధర్ చెవులు కాస్త ఎర్రబడ్డాయి గాని నవ్వు చెదరలేదు. "తప్పయింది అక్కా. గీ దిక్కు రండ్రి" అని తెల్లటి వ్యాను దగ్గరికి తీసుకుపోయాడు. మెరుస్తోంది. కొత్త సీటు తొడుగులు, కింద కొత్త నల్ల రంగు.

"జర రేస్ చెయ్యుండ్రి దొరా" అన్నాడు కైలాసం.

"దొర ఏంది అంకుల్! గా కాలం పోయింది గదా."

అన్నాడే గాని ఆ పిలుపు ఆయనకు ఎక్కడా గుచ్చుకున్నట్టు కనిపించలేదు. కైలాసం స్క్రూడ్రైవరు ఆనించాడు, పిడి చెవికి పెట్టుకున్నాడు. ముఖం మీద ముడతలన్నీ ఒక్కొక్కటిగా విడిపోయాయి.

"బిడ్డా, జర ఇను. ఒక్క దెబ్బ తప్పుతలేదు. తెల్లారగట్ల సాంచె పాడినట్టున్నది."

అది నిజమే, ఇంజను చక్కగా పాడుతోంది. కాని పక్క తలుపు జరపగానే మమతారాణికి ఒక వాసన తగిలింది: వానకు తడిసి ఎండీ ఎండని నూలు బేళ్ల గోదాము వాసన. బట్టతో బతికే మనిషి ఆ వాసనను మరిచిపోదు.

"కింద చూసినవా బాపు?"

కైలాసం మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, వంగినట్టు వంగి లేచాడు. "కింద ఏముంటది బిడ్డా, ఇనుమే గదా. కొత్త పెండ్లికొడుకు లెక్కున్నది."

తాను చూడాలని ఆమెకు అనిపించింది. చూడాలంటే కుర్చీ దిగాలి. ఇసుక, కంకర, నూనె మరకలు, చుట్టూ బండ్లు తుడిచే పనివాళ్లు. ఆమె చిన్నతనమంతా నేల మీదే గడిచింది. ఇంటి వెనక రేకుల షెడ్డులో సాంచెల కింద చేతులతో పాకుతూ, రాలిపడ్డ కండెలు ఏరి తల్లికి అందించేది. ఏ సాంచెకు ఎక్కడ నూనె కారుతుందో, ఎక్కడ బోల్టు వదులైందో నిలబడినవాళ్ల కంటే ముందు ఆమెకు తెలిసేది. బడిలో ఆ పాకడానికి ఒక పేరు పెట్టారు. ఆ పేరు ఇక్కడ రాయడం అనవసరం. పదో తరగతిలో కుర్చీ వచ్చిన రోజున, ఇక పరాయివాళ్ల ముందు నేలను తాకనని ఆమె తనకు తాను మాట ఇచ్చుకుంది. ఇరవై ఏళ్లుగా ఆ మాట చెల్లింది. ఆ వ్యాను పక్కన కూడా చెల్లింది. ఆమె కుర్చీ దిగలేదు.

కైలాసం జేబులోంచి పోగు తీసి గేరు పిడికి ముడి వేశాడు. "మాదే అయింది దొరా. ఎవ్వరికి చూపెట్టకుండ్రి." విద్యాధర్‌కు ఆ ముడి అర్థం తెలియకపోయినా, అర్థమైనట్టే తల ఊపాడు.

బండి అనుకున్నాక అంజన్నకు చెప్పకుండా ఇంటికి పోవడం కైలాసం వల్ల కాదు. ఆటో కొండగట్టు హనుమంతుడి గుడి దారి పట్టింది. కైలాసం కొబ్బరికాయ పట్టుకుని గుడి లోపలికి వెళ్లాడు. బయట ఎవరెవరివో కొత్త బండ్లు దండలు వేసుకుని, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టుకుని వరుసగా నిలబడి ఉన్నాయి. ఆటోలో కూర్చుని మమతారాణి నాగపూర్ మనిషికి ఫోను చేసి, ఇంజను బాగుందని హిందీలో చెప్పింది.

ఇంజను పోతే మరొకటి దొరుకుతుంది, చాసీ ఎలా ఉంది అని అతను అడిగాడు. బాపు చూశాడని ఆమె చెప్పింది. కింద పడుకుని చూశాడా, నిలబడి చూశాడా? కాస్త వంగి చూశాడని ఆమె ఒప్పుకుంది. అతను విసుక్కోలేదు, మెత్తబడలేదు కూడా. మేము బండి వెనక అడుగు రేకును కోస్తాం దీదీ, మీ బరువూ కుర్చీ బరువూ చాసీలోని రెండు ఇనుప పట్టీల మీదే నిలబడతాయి. పట్టీలు కుళ్లితే మా భాగాలు బిగించం, బిగించినా దారిలో మీరే ఉంటారు, మేం ఉండం అన్నాడు. చివరికి మళ్లీ అడిగాడు: కింద ఎవరు చూశారు?

ఎవరూ చూడలేదు. దాని అర్థం ఇంకొకటి కూడా ఉంది: చూడగలిగిన మనిషి చూడలేదు. ఎవరూ తనను ఎత్తని బండి కోసం బయలుదేరి, ఎవరో తనను చూస్తారని అసలు సంగతి వదిలేసి వచ్చింది.

కైలాసం సిందూరం బొట్టుతో తిరిగొచ్చాడు.

"బాపు, మల్ల కరీంనగర్ పోదాం. నేను కింద చూడాలె."

"పోగు కట్టిన బిడ్డా! అంజన్నకు గుడ చెప్పిన."

"ఏమని చెప్పినవు?"

"బిడ్డకు బండి వస్తుంది, సల్లగ చూడు అని."

"మల్ల ఇంకేంది? గదే బండి అని చెప్పలే గదా."

"అంజన్న నంబరు రాసుకోడు మామా" అన్నాడు పరశురాములు, ఆటో తిప్పుతూనే.

"నువ్వు నడుపు. నడిపేటోనికి నడిపేదే పని" అని గద్దించాడు కైలాసం. కూతురు తన చెవిని నమ్మలేదన్నది ఆయన బాధ. ఆ బాధను మాటల్లో పెట్టడం ఆయనకు రాదు. కరీంనగర్ దాకా బొట్టు మీద చెమట తుడుచుకుంటూ కూర్చున్నాడు.

ఆవరణలో వ్యాను పక్కన మమతారాణి కుర్చీ బ్రేకు వేసింది. పరశురాములు అలవాటుగా చేతులు తుడుచుకుని ముందుకొచ్చాడు.

"వద్దన్నా. నేనే దిగుత."

"అక్కా, మీరెందుకు? మా పోరలతోని ఫొటో తీపిస్త" అన్నాడు విద్యాధర్.

ఆమె అప్పటికే ఒక చేయి కుర్చీ అంచు మీదా, ఒక చేయి నేల మీదా పెట్టింది. దిగింది. కంకర అరచేతుల్లో గుచ్చుకుంది. పనివాళ్లు తుడవడం ఆపారు. తన వీపు మీద ఎన్ని కళ్లున్నాయో ఆమెకు తెలుసు. చీర కొంగు నడుముకు చుట్టి, మోచేతుల మీద వ్యాను కిందికి పాకింది. మొదటి క్షణాల్లో చెవుల్లో బడి పిల్లల గొంతులు తప్ప మరేమీ వినిపించలేదు. తర్వాత నూనె వాసన వచ్చింది, పైన ఇనుము కనిపించింది, రేకుల షెడ్డులోని పాత చల్లదనం వీపుకు తగిలింది. ఇది తనకు తెలిసిన చోటు.

నల్ల రంగు నున్నగా ఉంది, ఉండవలసిన దానికంటే నున్నగా. దారాలు తుంచే చిన్న కత్తెర ఎప్పుడూ ఆమె మెడలో వేలాడుతూ ఉంటుంది. దాని మొనతో పట్టీ మీద పొడిచింది. నానిన అట్టముక్కలోకి దిగినట్టు దిగిపోయింది. ఇంకోచోట పొడిచింది, అక్కడా అంతే. రంధ్రంలోంచి సన్నని పసుపుపచ్చ మట్టి ఆమె చెంప మీద రాలింది. అది రోడ్డు దుమ్ము కాదు. ఏ ఏటి గోదారి వరదలోనో ఈ బండి చాలాసేపు మునిగి ఉంది. నీళ్లు పోయాయి, ఒండ్రు మిగిలింది. చాసీ నంబరు ఉన్నచోట రంగు ఊడగొడితే, చివరి అంకెల చోట తుప్పు పొలుసులు మాత్రమే రాలాయి.

"బాపు, చెయ్యి లోపటికి పెట్టు."

కైలాసం నేల మీద కూలబడి చేయి చాచాడు. ఆమె ఆయన బొటనవేలిని పట్టుకుని పట్టీ మీద ఆనించింది. వేలు లోపలికి దిగింది.

"గిదేంది?"

"చట్రం."

ఆయన ఇంకోచోట తానే నొక్కి చూసుకున్నాడు.

"పాత బండి అన్నంక జర తుప్పు ఉంటది అంకుల్" అన్నాడు విద్యాధర్. "కొనేటోళ్లే చూసుకోవాలె. మేము దాచినమా?"

కొనేవాడే చూసుకోవాలన్నది ఇతను కనిపెట్టిన మాట కాదు, ఎప్పటి నుంచో చెలామణిలో ఉన్న న్యాయసూత్రం. ఆ సూత్రం కొనేవాడు వంగగలడనీ, పడుకోగలడనీ, వెలుతురు పట్టగలడనీ ముందే ఊహించుకుని రాసింది. రంగు పూసినవాడి చేతిని మాత్రం అది ఊహించదు. తుప్పు దానంతట అది వచ్చింది. తుప్పు మీది రంగు దానంతట అది రాలేదు. ఆ రంగు డబ్బా ఎవరు తెరిచారన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసిన మనిషి ఇస్త్రీ చొక్కాలో నవ్వుతూ నిలబడితే, అర్థం చేసుకోవలసిన బాధ్యత మాత్రం నేల మీద మోచేతులు గీసుకుపోయిన మనిషిది అవుతుంది. దీన్ని వ్యాపారం అంటారు.

మమతారాణి బయటికి వచ్చి, నేల మీదే కూర్చుని, కింది నుంచి విద్యాధర్ కళ్లలోకి చూసింది.

"దాచలే అన్నరు గదా సారూ. గట్లయితె ఒక పని చెయ్యుండ్రి. గిది వరద బండి అని అద్దం మీద రాసి పెట్టుండ్రి. నా తరువాత వచ్చేటోళ్లు కింద వండుకోకున్నా చూస్తరు."

"కింద పండుకోకున్నా" అని పరశురాములు మెల్లగా సవరించాడు.

"నాకు కోపంల నాలుక తిరుగుతలేదన్నా" అంది ఆమె. విద్యాధర్ నవ్వు అప్పుడు పోయింది. అద్దం మీద రాయలేదు గాని, వ్యానును లోపలికి తోయమని పనివాళ్లకు చెప్పాడు. అది న్యాయం కాదు. బండి మళ్లీ ఏ సాయంత్రమో బయటికి వస్తుంది.

కైలాసం గేరు పిడి దగ్గరికి వెళ్లాడు. "ముడి నేనే ఏసిన, నేనే ఇప్పుత." నేతగాడి ముడి చిన్నది, లాగినకొద్దీ బిగుస్తుంది, విప్పడానికి వేసింది కాదు. గోళ్లతో ప్రయత్నించాడు, పళ్లు పెట్టబోయి ఆగిపోయాడు. మమతారాణి మెడలోంచి కత్తెర తీసి అందించింది. తన జీవితంలో తాను కట్టిన పోగును ఆయన కోయడం అదే మొదలు. తెగిన ముక్కను పారేయకుండా జేబులో వేసుకున్నాడు.

ఆ తర్వాత చూసిన బండ్లన్నిటినీ ఆమే చూసింది, కింది నుంచి. జగిత్యాలలో ఒకటి, నిర్మల్‌లో ఇంకొకటి. దిగడం ప్రతిసారీ కష్టంగానే ఉండేది. అలవాటైపోయిందని ఆమె ఎవరితోనూ అబద్ధం చెప్పలేదు. ఒక దుప్పటి మాత్రం వెంట తెచ్చుకోవడం మొదలుపెట్టింది.

ఖానాపూర్‌లో సక్కుబాయి అనే ఆమె సంతల్లో మిర్చీలు, ఉల్లిగడ్డ పకోడీలు వేసి అమ్ముతుంది. పొయ్యి, గిన్నెలు, శనగపిండి అన్నీ ఒక పాత వ్యానులో వేసుకుని ఊరూరా తిరుగుతుంది. పెద్ద బండి తీసుకుంటోంది గనక దీన్ని అమ్ముతానంది. వ్యాను పసుపు రంగు ఎండకు వెలిసి గోధుమ రంగుకు వచ్చింది. ఒక తలుపుకు తాడు కట్టి ఉంది. లోపలంతా మాడిన నూనె వాసన.

సక్కుబాయి కైలాసాన్ని చూడలేదు, కుర్చీ ముందు చతికిలబడి కూర్చుంది.

"నువ్వే నడుపుతవా బాయీ?"

"నేనే."

"నడుపు. మొగోళ్లు నడిపితే గేర్లు ఇరగ్గొడతరు. మా ఆయన రెండుసార్లు ఇరగ్గొట్టిండు, చాబీ గుంజుకున్న."

కైలాసం స్క్రూడ్రైవరు ఆనించి, వెంటనే తీసేశాడు. సగం తిన్న పండులో పురుగు కనిపించినట్టు ముఖం పెట్టాడు. "గిది పాడుతలేదు బిడ్డా. దగ్గుతున్నది. క్షయ రోగమున్నట్టున్నది."

మమతారాణి దుప్పటి పరిచి దిగింది.

"ఆగు, నేను గుడ వస్త" అంది సక్కుబాయి. "గిన్నేండ్ల సంది నా బండి కింద ఏమున్నదో నేనే సూడలే." చీర కుచ్చిళ్లు దోపుకుని, దుప్పటి మీద వెల్లకిలా పడుకుని ఆమె కూడా లోపలికి జరిగింది. ఇద్దరి తలలూ వ్యాను కింద, కాళ్లు బయట. సంతలో పోయేవాళ్లు ఆగి చూశారు. ఏ కాళ్లు నడిచేవో ఏవి నడవనివో ఆ దూరం నుంచి వాళ్లకు తెలియదు.

పట్టీల మీద జిడ్డు వేలిమందం పేరుకుని ఉంది. కత్తెర మొనతో గీకితే జిడ్డు మన్నులా పెళ్లలుగా ఊడింది, కింద ఇనుము నిగనిగలాడింది. మిర్చీల నూనె ఏళ్ల తరబడి కారి కారి ఇనుమును తుప్పుకు దక్కనివ్వలేదు. ఆమె పొడిచింది, మొన జారిపోయింది. మరోచోట పొడిచింది, టంగుమంది. నంబరు ఉన్నచోట కొంగుతో తుడిచింది. ఒక్కొక్క అంకె తల ఎత్తి చూసింది.

"నా మిర్చీల నూనె ఉట్టిగ పోలే అన్నట్టు!" అంది సక్కుబాయి చీకట్లోంచి.

"బాపు, గిదే" అంది మమతారాణి.

"దగ్గుతుంది బిడ్డా!"

"దగ్గుకు నీ దగ్గర మందున్నది గదా. గింత మంచి చెవి పెట్టుకుని నువ్వు దేనికి?"

కైలాసం మళ్లీ స్క్రూడ్రైవరు ఆనించి, ఈసారి కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు. లోలోపల ఏవేవో లెక్కలు వేసుకున్నట్టు పెదవులు కదిలాయి. తర్వాత జేబులోంచి ఒక పోగు తీశాడు. కరీంనగర్‌లో తెగిన ముక్క దానితోపాటు చేతికి వచ్చింది. రెండిటినీ కలిపి ముడి వేసి, వంగి, వ్యాను కిందికి చాచాడు.

"నువ్వే కట్టు. యాడ కట్టాలెనో నాకు తెలుస్తలేదు."

ఆమె దాన్ని గేరు పిడికి కట్టమని వెనక్కి ఇవ్వలేదు. చాసీ పట్టీలో ఉన్న చిన్న రంధ్రంలోంచి దూర్చి, నంబరు పక్కన ముడి వేసింది.

బయటికి వచ్చేసరికి పరశురాములు చేతులు తుడుచుకుంటూ ముందుకు వంగాడు. పాపం, అతనికి అది ఆలోచించి చేసే పని కాదు. ఆమె అతని వైపు చూసింది. అతను నిటారుగా నిలబడి, చేతులను ఏం చేసుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు.

నేల నుంచి కుర్చీలోకి ఎక్కడం ఆమెకు త్వరగా అయ్యే పని కాదు. ముందు కుర్చీ బ్రేకు, తర్వాత మోకాళ్లు మడవడం, తర్వాత భుజాల బలం మీద ఒక ఎగురు. మొదటిసారి జారింది. సక్కుబాయి ఛాయ్ పెట్టడానికి స్టవ్ వెలిగించింది. రెండోసారీ జారింది. మూడోసారి కుర్చీలో పడింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. జిడ్డు చెంపంతా పాకింది.

ఛాయ్ అప్పటికే మరిగి మరిగి నల్లబడింది. ఎవరూ ఆమెను తొందరపెట్టలేదు.